తెర మీద 225 అంటే జాలీ మీద 225 అని కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా తెలుగువాళ్ల పెరటి వంటల గురించి వచ్చిన వ్యాసం చదివాను. మేక తొడ ఫోటో బాగుంది, మసాలా కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. నా పేచీ అంతా ఒక్క పేరాతోనే. చెక్క పెల్లెట్ గ్రిల్ గురించి రాస్తూ, 225 అని పెట్టేసి వెళ్లి పడుకోవచ్చని, తెల్లారేదాకా ఒక్క డిగ్రీ కూడా అటూ ఇటూ కదలదని రాశారు. అది చదివి ఎవరైనా నిజంగానే పడుకుంటారేమోనని ఈ ఉత్తరం. నేను హ్యూస్టన్ దగ్గర ఒక కెమికల్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తాను. వేడి కొలిచే కడ్డీలు, వాటి వైర్లు, వాటి మాట విని వాల్వులు తిప్పే కంట్రోలర్లు, వీటితోనే నాకు రోజు గడిచిపోతుంది. ఇంటి వెనక పెల్లెట్ గ్రిల్ కూడా ఉంది, ఇష్టంగానే వాడతాను. కాబట్టి ఇది గ్రిల్ మీద కోపం కాదు. తెర మీద కనబడే అంకెను మీరు దేవుడి మాట చేసేశారు, అదే నా అభ్యంతరం. (ఈ ఉత్తరంలో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే, ఎక్కడైనా సెల్సియస్ రాస్తే అక్కడే చెప్తాను. 225 అంటే సెల్సియస్‌లో 107.)

మన ఊళ్లలో ఈ వస్తువు చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆరెగన్ రాష్ట్రం వైపు కలప మిల్లులు ఎక్కువ, రంపపు పొట్టూ ఎక్కువే. ఆ పొట్టును బాగా నొక్కితే చెక్కలోనే ఉండే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడి జిగురులా పట్టుకుంటుంది, 6 మిల్లీమీటర్ల లావున చిన్న చిన్న గుళికలు వస్తాయి. ముందు వీటిని ఇళ్లు వెచ్చబెట్టుకునే స్టవ్‌లలో వాడారు. వాటితో వంట గ్రిల్ చేసినవాడు ఆరెగన్‌లోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊరి జో ట్రేగర్. 1986లో పేటెంట్ వచ్చింది, 2006లో అది తీరిపోయింది, ఆ తర్వాత ఇక ప్రతి కంపెనీ ఒకటి తయారు చేయడం మొదలుపెట్టింది. లోపల ఉండేది చాలా సింపుల్. పక్కన పెల్లెట్లు పోసే డబ్బా, దాని కింద నెమ్మదిగా తిరుగుతూ వాటిని ముందుకు తోసే మర, ఆ మర చివర గుప్పెడంత నిప్పు గిన్నె, అందులో మొదట అంటించడానికి ఎర్రగా కాలే కరెంటు కడ్డీ, గాలి ఊదే ఫ్యాను. గిన్నె మీద సెగ నేరుగా తగలకుండా ఒక రేకు, దాని మీద జిడ్డు కారే పళ్లెం, ఆపైన మాంసం పెట్టే చువ్వల జాలీ. ఇవన్నీ ఎప్పుడు తిరగాలో, ఎంత తిరగాలో చెప్పే కంట్రోలర్ ఒకటి. ఆ కంట్రోలర్‌కి గ్రిల్ లోపల ఏం జరుగుతోందో తెలియడానికి ఉన్న దారి ఒకే ఒక్కటి, గోడకు బిగించిన పెన్సిల్ కన్నా సన్నటి కడ్డీ.

ఆ కడ్డీ గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు, అసలు కథంతా దానిదే. చాలా గ్రిల్స్‌లో అది ఆర్‌టీడీ అనే రకం. స్టీలు గొట్టం కొసలో ప్లాటినం పొర ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ ప్లాటినం రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది, అదీ చాలా పద్ధతిగా పెరుగుతుంది. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. పీటీ1000 అనే రకం సున్నా సెల్సియస్ దగ్గర సరిగ్గా 1000 ఓమ్‌లు ఉంటుంది, అక్కడినుంచి సెల్సియస్ డిగ్రీకి సుమారు 3.85 ఓమ్‌ల చొప్పున ఎక్కుతుంది. 225 ఫారెన్‌హీట్ దగ్గర 1412 ఓమ్‌ల దాకా వస్తుంది. కంట్రోలర్ చూసేది ఆ ఓమ్‌లనే, మీకు చూపించేది దాన్ని డిగ్రీల్లోకి మార్చిన అంకె. అంటే తెర మీద ఉన్నది గ్రిల్ వేడి కాదు, మాంసం వేడి అసలే కాదు, ఆ కడ్డీ కొస ఎంత వేడెక్కిందో అది. కడ్డీ కొలత తప్పు అనడం లేదు, ప్లాటినం అబద్ధమాడదు. కాకపోతే తనున్న చోటు గురించే చెబుతుంది. వంటింట్లో ఉక్కపోతకు చెమటలు కారుతుంటే హాల్లో థర్మామీటర్ చూసి ఇల్లంతా చల్లగా ఉందనుకున్నట్టు, మనం ఆ అంకెను మొత్తం జాలీకి అంటగడుతున్నాం.

ఎక్కడుంటుంది ఆ కడ్డీ? చాలావాటిలో ఒక పక్క గోడకు, జాలీ ఎత్తుకు కాస్త పైనో కిందో. మాంసం పెట్టేది మధ్యలో. నిప్పు గిన్నె ఉన్న దిక్కున సెగ ఎక్కువ, పొగ గొట్టం ఉన్న దిక్కుకు వేడి గాలి లాగుతుంది, జిడ్డు పళ్లెం ఒక అంగుళం పక్కకు జరిగి కూర్చుంటే ఆ సందులోంచి సెగ ఒక్కచోటే పైకి కొడుతుంది. గోడ దగ్గర 225 ఉన్నప్పుడు మధ్యలో 245, ఇంకో మూల 210 ఉంటే ఆశ్చర్యపడాల్సిన పని లేదు, గ్రిల్ పాడైందనీ కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి తొడను సరిగ్గా కడ్డీ పక్కన పెట్టారనుకోండి, ఆ చలికి కడ్డీ తక్కువ చదువుతుంది, కంట్రోలర్ పాపం నిజమే అనుకుని ఇంకా పెల్లెట్లు తోస్తుంది, అవతలి మూలన పెట్టిన చికెన్ కాళ్లు మాడతాయి. నమ్మకపోతే బ్రెడ్ ముక్కలతో చూడొచ్చు. 350 దగ్గర జాలీ నిండా చవక బ్రెడ్ ముక్కలు పరిచి, మూత వేసి, కాసేపయ్యాక తిరగేస్తే ఎక్కడ నల్లబడిందో ఎక్కడ తెల్లగానే ఉందో గ్రిల్ తానే చూపిస్తుంది. కొత్త గ్రిల్ కొన్నవాళ్లు మాంసం పెట్టేముందు ఒక ప్యాకెట్ బ్రెడ్ ఖర్చుపెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఆ ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకుంటే తర్వాత ఏది ఎక్కడ పెట్టాలో టెన్షన్ ఉండదు.

ఇక కంట్రోల్ సంగతి. గ్యాస్ స్టవ్‌కి నాబ్ తిప్పగానే మంట తగ్గుతుంది. ఇక్కడ అలా కాదు. మర తిరిగి పెల్లెట్లు గిన్నెలో పడాలి, అవి అంటుకోవాలి, మండాలి, ఆ సెగ రేకును వేడి చేయాలి, రేకు గాలిని వేడి చేయాలి, ఆ గాలి గోడ దగ్గరి కడ్డీని వేడి చేయాలి. కంట్రోలర్ ఇప్పుడు తీసుకున్న నిర్ణయం ఫలితం కడ్డీకి తెలిసేసరికి నిమిషాలు గడిచిపోతాయి. కొలవడం, సర్దడం, మళ్లీ కొలవడం అనే ఈ చక్రాన్ని మేం లూప్ అంటాం. మా ప్లాంట్‌లో ఇలాంటి ఆలస్యం ఉన్న లూప్‌ని అందరూ తిట్టుకుంటారు, ఎందుకంటే అది ఎప్పుడూ పాత వార్త విని కొత్త పని చేస్తుంటుంది. పైగా ఒకసారి గిన్నెలో పడ్డ పెల్లెట్లను వెనక్కి తీసుకోలేం. వేడి ఎక్కువైతే చేయగలిగింది కొత్తవి వేయకుండా ఆగడం, ఫ్యాను తగ్గించడం, అంతే. చల్లబరిచే మీట అంటూ ఏదీ లేదు.

మొదటి తరం గ్రిల్స్‌కి కొలవడమనే గొడవే లేదు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు స్థానాల స్విచ్, లెక్కప్రకారం మర తిరగడం, ఎండాకాలం ఒక వేడి, చలికాలం ఇంకో వేడి. తర్వాత డిజిటల్ కంట్రోలర్లు వచ్చాక కూడా పొగ పెట్టే సెట్టింగ్ మాత్రం చాలాకాలం గుడ్డిగానే నడిచింది. దానికి పీ-సెట్టింగ్ అని పేరు. మర 15 సెకన్లు తిరుగుతుంది, తర్వాత ఆగుతుంది. ఎంతసేపు ఆగాలో పీ అంకె చెబుతుంది: పీ-0 అయితే 45 సెకన్లు, అక్కడినుంచి అంకెకు పది సెకన్లు పెరుగుతూ పోతుంది, పీ-2కి 65, పీ-4కి 85. ఆగే సమయం పెరిగితే వేడి తగ్గుతుంది, పొగ పెరుగుతుంది, మరీ పెంచితే నిప్పే ఆరిపోతుంది. మొరటు పద్ధతే, కానీ నాకు దాని మీద గౌరవం ఉంది. తనకు తెలియనిది తెలుసని అది చెప్పలేదు. బయట చలిగా ఉందా, గాలి కొడుతోందా అని చూసుకుని మనిషే అంకె మార్చుకునేవాడు, మనిషిని పడుకోమని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అందరూ చెప్పుకునేది పీఐడీ, కంట్రోలర్ వేడిని సర్దడానికి వాడే మూడు భాగాల లెక్క. డబ్బా మీద ఈ మూడక్షరాలు ఉంటే ధర పెరుగుతుంది. ఇది గ్రిల్ కంపెనీలు కనిపెట్టింది కాదు, ఓడలు దారి తప్పకుండా చుక్కాని ఎలా తిప్పాలో లెక్కలు వేస్తూ నికొలస్ మినోర్‌స్కీ 1922లోనే దీని సిద్ధాంతం రాశాడు, ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా ఇదే నడుస్తోంది. మొదటి భాగం ఇప్పుడు ఎంత తేడా ఉందో చూసి అంత తోస్తుంది. రెండోది ఆ తేడా ఎంతసేపటినుంచి ఉందో కూడబెట్టుకుంటూ పోతుంది. మూడోది వేడి ఎంత వేగంగా మారుతోందో చూసి ముందే బ్రేకు వేస్తుంది. సరిగ్గా ట్యూన్ చేస్తే బాగా పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. చిక్కు రెండో భాగంతో వస్తుంది, అది వచ్చేది కూడా మనవల్లే. మనకు మూత తీసి చూడకపోతే చేయి ఊరుకోదు కదా, చిన్నప్పటినుంచి గిన్నె మూత తీసి గరిటె పెట్టి కలిపిన చేతులాయె. మూత తీయగానే వేడి గాలంతా పోతుంది, కడ్డీ చల్లబడుతుంది, కంట్రోలర్ ఆ తేడాను సెకను సెకనుకూ కూడబెడుతూ పెల్లెట్లు దించుతూ ఉంటుంది. మనం నెయ్యి రాసి, ఫోటో తీసి, పక్కింటాయనతో రెండు మాటలు మాట్లాడి మూత వేస్తాం. అప్పటికి గిన్నెలో అవసరం కన్నా ఎక్కువ సరుకు పోగుపడింది, లోపల లెక్కలోనూ అప్పు పేరుకుంది. ఇక వేడి 225 దాటి, 260 దాటి, ఒక్కోసారి 280 దాకా పోయి మెల్లగా దిగుతుంది. మంచి కంట్రోలర్ అయితే మూత తీసిన సంగతి గుర్తుపట్టి ఆ కూడికను ఆపుతుంది. మీ గ్రిల్ ఆ పని చేస్తుందో లేదో డబ్బా మీద రాయరు. వైఫై ఉందని మాత్రం అరచేతి అంత అక్షరాలతో రాస్తారు.

ఈ ఊగిసలాటను దాచే ఏర్పాటు కూడా ఒకటుంది, మీ రచయిత చూసిన కదలని 225 బహుశా ఇదే అయ్యుండొచ్చు. కడ్డీ చెప్పిన అంకెను ఉన్నది ఉన్నట్టు చూపిస్తే తెర మీద 218, 231, 226 అని గెంతుతూ ఉంటుంది, కొన్నవాడు కంగారుపడి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాడు. అందుకని కొన్ని కంట్రోలర్లు కొంతసేపటి సగటు తీసి చూపిస్తాయి, సెట్ చేసిన అంకెకు దగ్గరలో ఉంటే ఆ సెట్ అంకెనే చూపించేవి కూడా ఉన్నాయి. సగటు తీయడం తప్పు కాదు, మేమూ ప్లాంట్‌లో తీస్తాం, కానీ ఎంతసేపటి సగటో ఆపరేటర్‌కి తెలుస్తుంది, కావాలంటే అసలు అంకె చూసుకోవచ్చు. గ్రిల్ కొన్నవాడికీ ఆ హక్కు ఉండాలి. డిగ్రీ కూడా కదలని తెరను చూస్తే నాకైతే నమ్మకం పెరగదు, అనుమానం పెరుగుతుంది.

అలాగని ఊగడం వంటకు చెరుపు అనుకునేరు. రెండు కిలోల మేక తొడకు గ్రిల్ గాలి 210కి, 245కి మధ్య ఊగుతోందన్న సంగతే తెలియదు. అంత మాంసం వేడెక్కడానికి గంటలు పడుతుంది, నిమిషాల్లో వచ్చిపోయే హెచ్చుతగ్గులు పైపొర దాటి లోపలికి పోవు, లోపలికి చేరేది సగటు వేడే. ఇంకో తమాషా ఏమిటంటే, మనకు కావలసిన పొగ కూడా ఆ ఊగిసలాటలోనే ఎక్కువ పుడుతుంది. పెల్లెట్ పూర్తిగా భగ్గున మండితే పొగ దాదాపు ఉండదు, కొత్తగా పడినవి సగం మండుతూ సగం రగులుతూ ఉన్నప్పుడే చెక్క వాసన వస్తుంది. మంటను చదునుగా పట్టి ఉంచే పీఐడీ గ్రిల్‌లో పొగ వాసన రావట్లేదని గోల చేసినవాళ్ల కోసం కంపెనీలు ఇప్పుడు ప్రత్యేకంగా పొగ మోడ్ అని ఒకటి పెడుతున్నాయి. కంపెనీని బట్టి తీరు మారుతుంది గానీ, చాలావాటిలో జరిగేది ఫ్యానునో మరనో కావాలని ఆపుతూ నడిపి ఆ ఊగిసలాటనే వెనక్కి తేవడం. ముందు డబ్బు తీసుకుని వేడి గీతను చదును చేశారు, మళ్లీ డబ్బు తీసుకుని వంకర చేస్తున్నారు!

కడ్డీకి మసి పట్టడం గురించి కూడా మీవాళ్లు రాసి ఉండాల్సింది. నాలుగు వంటలయ్యేసరికి దాని మీద జిడ్డూ మసీ కలిసి గట్టి పొరలా పేరుకుంటుంది. ఆ పొర దాటి వేడి లోపలికి చేరడం ఆలస్యం, అసలే ఆలస్యం ఉన్న వ్యవహారానికి ఇంకొంచెం ఆలస్యం కలిసి ఊగిసలాట పెద్దదవుతుంది. గ్రిల్ చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో, అవసరమైతే మెత్తటి స్క్రబ్బర్‌తో తుడిస్తే చాలు. నాకు తెలిసిన ఒకాయన గ్రిల్ వేడి స్థిరంగా లేదని దుకాణానికి తీసుకెళ్తే కంట్రోలర్ మార్చాలని చెప్పి బిల్లు చేతిలో పెట్టారు. కొత్తది పెట్టాక కూడా అదే గొడవ. కడ్డీ మాత్రం ఎవరూ తుడవలేదు. ఇంకో చోటు కనెక్టర్. వర్షం తడికి, హ్యూస్టన్ గాలిలో చెమ్మకు ఆ పిన్నులు చిలుము పడతాయి, చిలుము అంటే అదనపు రెసిస్టెన్స్. పీటీ1000 కడ్డీకి ఒక ఓమ్ అదనంగా చేరితే తేడా అర డిగ్రీ కూడా రాదు, అదే 100 ఓమ్‌ల రకం కడ్డీ అయితే దాదాపు అయిదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. వైరు పూర్తిగా తెగితే కంట్రోలర్‌కి అనంతమైన వేడిలా కనిపిస్తుంది, రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది. ఈ రెంటినీ గుర్తుపట్టి ఎర్రర్ చూపించి ఆగిపోవడం కనీస మర్యాద, ఇప్పటి కంట్రోలర్లు చాలావరకు ఆ పని చేస్తాయి.

ఇప్పుడు అసలు భయం. వెళ్లి పడుకోవచ్చు అన్న మాటను నేను ఒప్పుకోనిది దీనివల్లే. గాలికో, తడిసిన పెల్లెట్లకో, గిన్నెలో బూడిద నిండిపోవడంవల్లో నిప్పు ఆరిపోయిందనుకుందాం. కడ్డీకి నిప్పు ఉందో లేదో తెలియదు, అది చూసేది వేడిని మాత్రమే. వేడి తగ్గుతోందని కంట్రోలర్‌కి కబురు వస్తుంది. వేడి తగ్గితే దానికి తెలిసిన మందు ఒక్కటే, ఇంకా పెల్లెట్లు వేయడం. ఆరిన గిన్నెలో పెల్లెట్లు గుట్టగా పోగై, అంచులు దాటి కింద కూడా పడతాయి. అడుగున మిగిలిన నిప్పురవ్వ రాజుకుంటే, లేదా ఏం జరిగిందో చూడకుండా మనమే మళ్లీ స్టార్ట్ నొక్కితే, ఆ గుట్టంతా ముందు చిక్కటి తెల్లపొగ కక్కుతుంది. ఆ పొగ కూడా మండే వాయువే. మూత కింద నిండిన పొగ ఒక్కసారిగా అంటుకుంటే మూత ఎగిరి తెరుచుకుంటుంది. ఫ్యాక్టరీ బాయిలర్లలో మంటను నేరుగా చూసే స్కానర్ ఉంటుంది, మంట కనబడకపోతే ఇంధనం ఆగిపోతుంది, ఎవరూ అడగక్కర్లేదు. పెరటి గ్రిల్స్‌లో మామూలుగా అలాంటిది ఉండదు, వేడి ఇంతకన్నా పడిపోయి ఇంతసేపు అలాగే ఉంటే ఆగిపో అనే టైమర్ లెక్క ఉంటుంది, ఆ వ్యవధిలో మర తిరుగుతూనే ఉండొచ్చు. కాబట్టి గ్రిల్ తనంతట తాను ఆగిపోయి ఉన్నా, మధ్యలో కరెంటు పోయి వచ్చినా వెంటనే మళ్లీ స్టార్ట్ నొక్కకండి. పూర్తిగా చల్లారాక మూత తీసి, జాలీ, పళ్లెం, రేకు పైకెత్తి గిన్నె ఖాళీ చేసి, అప్పుడు మొదలుపెట్టండి. చిక్కటి తెల్లపొగ కుమ్ముతుంటే మూత మీద చేయి వేయొద్దు, దూరంగా ఉండండి. వంట అయ్యాక ప్లగ్ పీకేయడం ఇంకో చెడ్డ అలవాటు, షట్‌డౌన్ నొక్కితే ఫ్యాను ఇంకాసేపు తిరిగి గిన్నెలో మిగిలినవి కాల్చేస్తుంది, పీకేస్తే ఆ నిప్పు మర వెంట డబ్బా వైపు పాకే ప్రమాదం ఉంది.

పెల్లెట్ల తడి గురించి చెప్పాలంటే, నీళ్లు తగిలిన పెల్లెట్ ఉబ్బి మళ్లీ రంపపు పొట్టే అయిపోతుంది, అది మర గొట్టంలో ఇరుక్కుంటే సిమెంటులా పట్టుకుంటుంది. వేలితో విరిస్తే టక్కున విరగాలి, నలిగి పొడైతే పారేయండి. డబ్బా నిండా ఉన్నా మధ్యలో గుంట పడి మర దగ్గరకు పెల్లెట్లు జారకపోవడం కూడా మామూలే, అర్ధరాత్రి నిప్పు ఆరడానికి ఇదీ ఒక కారణం. పడుకున్నవాడు ఆ గుంటను కదపలేడు.

మాంసంలో గుచ్చే ప్రోబ్ వేరు. అది చాలాసార్లు థర్మిస్టర్, ప్లాటినానికి తిరగబడి, వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పడిపోతుంది. గ్రిల్ తెర ఏం చెప్పినా వంట అయిందో లేదో తేల్చేది ఇదే. ఎముకకు తగలకుండా లావుపాటి చోట మధ్యలోకి పోవాలి. చికెన్ 165 దాటాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది, అందులో బేరం లేదు. మేక, గొర్రె కండకు వాళ్లు 145 చాలంటారు, కానీ మనకు ఆ ఎర్రటి ముక్క ఎవరికి కావాలి? ఎముక నుంచి ఊడి వచ్చేలా కావాలంటే 195 నుంచి 205 దాకా తీసుకెళ్లాలి, అప్పటికి కండరాల మధ్య ఉండే గట్టి కొలాజెన్ బాగా కరుగుతుంది. దారిలో 150, 170 మధ్య ఎక్కడో అంకె గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది, చెమట పట్టినట్టు తడి ఆవిరై మాంసాన్ని చల్లబరుస్తుంది కాబట్టి. ప్రోబ్ చెడిపోయిందని పీకకండి, గ్రిల్ వేడి అమాంతం పెంచకండి. ప్రోబ్ మీద అనుమానముంటే ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్లలో ముంచండి, 32 చూపించాలి. మరిగే నీళ్లలో 212 అని పుస్తకంలో ఉంటుంది కానీ అది సముద్ర మట్టం దగ్గర, ఎత్తైన చోట ఉన్న డెన్వర్ ఊళ్లోని మనవాళ్లకు నీళ్లు 203 దగ్గరే మరుగుతాయి, ఆ తొమ్మిది డిగ్రీల కోసం మంచి ప్రోబ్‌ని వాపసు ఇచ్చేయొద్దు.

వ్యాసం చివర తిరిగి హైదరాబాద్ వెళ్లిపోయేవాళ్లు గ్రిల్‌ని కంటైనర్‌లో వేసుకుని తీసుకెళ్లొచ్చు అని కూడా రాశారు. అమెరికా గ్రిల్ 120 వోల్టులకు చేసింది. 230 వోల్టుల ప్లగ్‌లో నేరుగా పెడితే 200 వాట్ల అంటించే కడ్డీ లెక్కప్రకారం 730 వాట్లు దాటి లాగుతుంది, అంటే మొదటిసారే దాని ఆయువు తీరుతుంది, కంట్రోలర్ బోర్డు కూడా దాంతోపాటే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటాం అంటారు, పెట్టండి, వోల్టేజీ సరిపోతుంది. కరెంటు ఫ్రీక్వెన్సీ మాత్రం అమెరికాలోలా 60 హెర్ట్జ్ కాదు, 50గానే ఉంటుంది. మరను తిప్పేది ఏసీ మోటారు అయితే దాని వేగం సుమారు ఆరో వంతు తగ్గుతుంది, 15 సెకన్లలో పడాల్సిన పెల్లెట్లు పడవు, ఫ్యాను కూడా అలాగే మందగిస్తుంది. వేడి కొలిచే కడ్డీని చూసి నడిచే మోడ్‌లో కంట్రోలర్ ఎలాగో సర్దుకుంటుంది, పీ-సెట్టింగ్ మీద నడిచే పొగ మోడ్‌లో మాత్రం నిప్పు ఆరుతూ ఉంటుంది. డీసీ మోటార్ల మోడల్ అయితే ఈ బాధ లేదు, కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఇంకో మాట, అక్కడ బాయిలర్ల కోసం అమ్మే బయోమాస్ పెల్లెట్లు చవగ్గా దొరుకుతాయని వాటిని వంట గ్రిల్‌లో పోయకండి, వాటిలో ఏం కలిసిందో తెలియదు, అవి తిండి కోసం చూసి చేసినవి కావు.

కొనేవాళ్లు దుకాణంలో అడగాల్సినవి ఇవి కదా: కడ్డీ ఎక్కడుంది, విడిగా దొరుకుతుందా, ఇంట్లోనే మార్చుకోవచ్చా, తెర అసలు అంకె చూపిస్తుందా సగటు చూపిస్తుందా, మూత తీస్తే కంట్రోలర్ ఏం చేస్తుంది, నిప్పు ఆరితే మర ఎంతసేపటికి ఆగుతుంది. నేను ఒక పెద్ద దుకాణంలో ఇవే అడిగితే అమ్మే కుర్రాడు ఫోన్ తీసి యాప్‌లో రంగులు ఎలా మార్చుకోవచ్చో చూపించాడు. మంచి పిల్లాడే, అతనికి ఎవరూ చెప్పలేదు. జాలీ మధ్యలో పెట్టుకునే విడి ప్రోబ్ ఒకటి కొనుక్కుంటే, తెర మీద ఎంత ఉన్నప్పుడు జాలీ మీద ఎంత ఉంటుందో మీ గ్రిల్‌కి మీరే ఒక లెక్క కట్టుకోవచ్చు, తర్వాత 225 కావాలంటే 210 పెట్టాలో 235 పెట్టాలో మీకే తెలుస్తుంది.

చివరిగా ఆ ఫోటో గురించి. మీరు వేసిన రెండో ఫోటోలో గ్రిల్ గరాజ్ లోపల ఉంది, షట్టర్ సగం దించి ఉంది, పక్కన పిల్లలు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. బయట వాన పడుతోందేమో, అర్థం చేసుకోగలను. కానీ చెక్క మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన లేదు, రంగు లేదు, తెర మీద ఏ అంకెలోనూ కనబడదు. ఈ యంత్రాలు ఆరుబయట వాడటానికే, గోడలకు దూరంగా. దయచేసి మీ వెబ్‌సైట్‌లో అయినా ఆ ఫోటో తీసేయండి, వచ్చే ఆదివారం ఒక చిన్న బాక్సులో ఆ పడుకోవచ్చు అన్న వాక్యాన్ని సవరించండి. మేక తొడ మసాలాలో మాత్రం ఏమీ మార్చొద్దు.

ఇట్లు,
హ్యూస్టన్ నుంచి మీ పాఠకుడు